చెయ్యి చూసి చేసే మాండలిన్

చంటిపిల్లలా ఒళ్లో ఒదిగిపోయే వాయిద్యం. దాన్ని ఎంచుకోవడం మాత్రం పిల్లాటేం కాదు!

మధురానగర్‌లో ఓ అపార్ట్‌మెంట్ అనుకోండి. కింద టిఫిన్ బండి దగ్గర హాస్టల్ కుర్రాళ్ల సందడి, అమీర్‌పేట వైపు హారన్లు కొట్టుకుంటూ పోయే ఆటోలు. రెండో అంతస్తులో పదకొండేళ్ల అమ్మాయి. ఆ పిల్ల గదిలో అల్మరా మీద దుమ్ము కొట్టుకుపోతున్న మాండలిన్. ఆరు నెలల కిందట ముచ్చటపడి ఆన్‌లైన్‌లో తెప్పించారు. ధర కొన్ని వేలే. నెల రోజులు వాయించేసరికి వేళ్ల చివర్లు కందిపోయాయి. రెండో నెలలో వారానికి రెండుసార్లయింది. మూడో నెలకి పూర్తిగా ఆగిపోయింది.

''నాకు రాదులే తాతయ్యా'' అందా పిల్ల.

తాతయ్యకు చివుక్కుమంది. ఆయనది పాలకొల్లు వైపు. మాండలిన్ అంటే ఆ ఊరివాళ్లకు ఓ వాయిద్యం పేరు కాదు, ఇంటిపేరు!

ఇలాంటి ఇళ్లు మన చుట్టూ చాలానే ఉంటాయి. పిల్లలకు సంగీతం రాలేదని సరిపెట్టుకుని, వాయిద్యాన్ని అటక ఎక్కించేస్తారు. తప్పు పిల్లలదా, వాయిద్యానిదా అని అడిగేవాళ్లు తక్కువ.

పాలకొల్లు పిల్లాడు

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని ఆరేళ్ల వయసులో చేతిలోకి తీసుకున్నాడా పిల్లాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని దాన్ని తీగల మీదకు తెచ్చుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే చెన్నైలో కన్నుమూసే నాటికి 'మాండలిన్ శ్రీనివాస్' అంటే తప్ప ఎవరూ గుర్తుపట్టనంతగా వాయిద్యం ఆయన పేరులో కలిసిపోయింది.

అంతకుముందు మాండలిన్‌కి కర్ణాటక కచేరీలో కుర్చీ లేదు. ఇటలీలోని నేపుల్స్ పేరు మోసిన వాయిద్యమిది. మనకు ఎక్కువగా తెలిసింది సినిమా పాటల్లోనే. వేలిని తీగ మీద జార్చి, తీగను పక్కకు లాగి గమకం పలికించాలంటే దాని జంట తీగలు సహకరించవు. పైగా మీటగానే మోగి, అంతలోనే ఆగిపోతుంది. శ్రీనివాస్ చేతిలో కచేరీల్లో కనిపించింది ఎలక్ట్రిక్ మాండలిన్. జంటల బదులు ఒంటి తీగలు. మామూలుగా నాలుగు జతలుండే చోట ఐదు తీగలు. అంటే సంగీతానికి తగ్గట్టు వాయిద్యాన్నే మార్చుకున్నారు.

మనవరాలి మాండలిన్‌ని కిందికి దించుతుంటే తాతయ్యకు తట్టిందీ విషయమే. వాయిద్యం మారితే?

తీగకీ మెట్టుకీ మధ్య

ముందుగా యూసుఫ్‌గూడలో పిల్లకు పాఠం చెప్పే మాస్టారి దగ్గరకు పట్టుకెళ్లారు. ఆయన స్కేలు తెప్పించి పన్నెండో మెట్టు దగ్గర పెట్టారు. వీణ మీద వరసగా ఉన్నట్టే మాండలిన్ మెడ మీద కూడా లోహపు మెట్లుంటాయి. పన్నెండో మెట్టు దగ్గర తీగకీ మెట్టుకీ మధ్య ఖాళీ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లుంటే వేలికి హాయి. ఈ మాండలిన్‌లో అది మూడున్నర ఉంది! పెద్దవాళ్లకే నొప్పి పుట్టే ఎత్తు. పదకొండేళ్ల పిల్ల ఆరు నెలలు కాదు, నెల రోజులు వాయించడమే గొప్ప.

''తీగ ఒకటి మీటి, దాన్నే పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మళ్లీ మీటండి'' అన్నారు మాస్టారు. రెండూ ఒకే స్వరం కావాలి, రెండోది పై స్థాయిలో ఉండాలి. ఫోన్‌లోని ట్యూనర్ పెట్టి చూస్తే ముల్లు పక్కకు పోయింది. అంటే పిల్ల సరైన చోట నొక్కినా స్వరం తప్పు పలుకుతోంది. శ్రుతి తెలిసిన చెవి ఉన్న పిల్లలకి ఇది నరకం. వాళ్లు తమ చేతినే అనుమానిస్తారు.

వాయిద్యం కొనాలనుకునే ఎవరైనా ఇంట్లోనే చేసుకోగల పరీక్షలివి. మరో రెండున్నాయి. తల దగ్గర్నుంచి ఒంటి కన్నుతో మెడ పొడవునా చూస్తే అది దాదాపు తిన్నగా ఉండాలి. విల్లులా వంగినా, మెలి తిరిగినా వద్దు. తర్వాత ప్రతి తీగనీ ప్రతి మెట్టు మీదా నొక్కి వాయించాలి. ఎక్కడైనా 'జర్ర్' మంటే ఆ పక్క మెట్టు ఎత్తుగా ఉన్నట్టు. పది నిమిషాల పని. షాపువాడు విసుక్కున్నా సరే, మొహమాటపడకూడదు.

''మంచిది చేసిచ్చేవాళ్లు ఉన్నారా?'' అనడిగారు తాతయ్య. ఒక్కరే కూర్చుని, ఏడాదికి కొద్ది వాయిద్యాలే చేసే ఓ పనివాడి నంబరు మాస్టారి దగ్గర ఉంది. ఉండేది వేరే నగరంలో.

బొబ్బిలి పద్ధతి

నడివయసు పనివాడు ఫోన్‌లో ధర చెప్పలేదు. ప్రశ్నలు మొదలుపెట్టాడు.

''ఎవరు వాయిస్తారండీ?''

''మా మనవరాలు.''

''వయసెంత? ఏం నేర్చుకుంటోంది? గీతాలా, సినిమా పాటలా? పాప ఎడంచెయ్యి తెల్లకాగితం మీద బోర్లా పెట్టి, వేళ్లు చాపమని చుట్టూ గీత గీయండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపండి.''

తాతయ్యకి చిన్నతనం గుర్తొచ్చింది. వాళ్ల చెల్లెలికి వీణ చేయించాలనుకున్నప్పుడు నాన్నగారు కూడా ఇలాంటి ప్రశ్నలకే జవాబులు చెప్పారు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస దుంగని తొలిచి, ఒకే చెక్కలో కుండనీ దండినీ తీర్చడం వాళ్ల ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ రోజుల్లో వీణ కావాలంటే షాపుకెళ్లడం కాదు, పనివాడికి కబురు పంపడం. ఎవరి కోసం, ఏ శ్రుతికి, ఎప్పటికి... అన్నీ మాట్లాడుకున్నాకే బయానా. చేతి పని వాయిద్యం కొనడమంటే ఇప్పటికీ అంతే. వస్తువుని కాదు, మనిషిని ఎంచుకోవడం.

వీణకీ మాండలిన్‌కీ ఒక తేడా ఉంది. వీణ మెట్లు మైనం మీద నిలబెడతారు. స్వరం తేడా వస్తే మైనం కరిగించి మెట్టు జరపొచ్చు. మాండలిన్ మెడలో రంపంతో గాడి కోసి మెట్టుని దిగ్గొడతారు. ఓ సారి కోశాక ఇక అంతే. లెక్క కూడా ముందే ఖాయం. తీగ మోగే పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడో తెలుస్తుంది. మామూలు మాండలిన్‌లో ఆ పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. కాబట్టి మొదటి మెట్టు రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువలో పడుతుంది. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా లెక్కేసుకుంటూ పోతే పన్నెండోది సరిగ్గా సగం దగ్గరకొస్తుంది. ఎక్కడ మిల్లీమీటరు జారినా, ఆ వాయిద్యం ఉన్నన్నాళ్లూ ఆ స్వరం జారినట్టే. అందుకే చేసేవాడు ఎవరన్నది ముఖ్యం.

ఎనిమిదా... ఐదా?

చేతి గీత ఫొటో వెళ్లింది. మర్నాడు మళ్లీ ఫోన్. ఈసారి ఇంటిల్లిపాదికీ పరీక్ష పెట్టాడతను. ఎన్ని తీగలు కావాలి?

మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జతలు. పాశ్చాత్య పద్ధతిలో వీటి శ్రుతి అచ్చం వయొలిన్‌దే. ఒక్కో జతలో రెండూ ఒకే స్వరం పలకాలి. పైకీ కిందికీ గబగబా మీటితే వచ్చే ఆ వణుకు, ఆ మెరుపు ఈ జంట తీగలదే. పాత సినిమా పాటల్లో మనసు లాగేది అదే. కరెంటు అక్కర్లేదు, స్పీకరు అక్కర్లేదు.

ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వేరే మనిషి. గమకాలకు లొంగుతుంది, నాదాన్ని నిలుపుతుంది. కానీ తగిలించకపోతే పక్కగదికి కూడా వినిపించదు. దానికి ఆంప్లిఫయర్ ఖర్చు వేరే. అపార్ట్‌మెంటువాళ్లకు మాత్రం ఓ సుఖం... ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రాత్రి పది గంటలకు సాధన చేసినా పక్కింటివాళ్లు తలుపు కొట్టరు.

తాతయ్య ఐదు తీగలన్నారు. కారణం చెప్పనక్కర్లేదు. నాన్న ఎనిమిదన్నాడు. అమ్మ ''అసలు దాన్నడిగారా?'' అంది.

అడిగారు. పిల్ల చాలాసేపు ఆలోచించి, ''ముందు వేళ్లు నొప్పి పుట్టకుండా ఉంటే చాలు'' అంది.

ఈ మాటని ఉన్నదున్నట్టు ఫోన్‌లో చెబితే పనివాడు నవ్వాడు. ''అయితే కొత్తది ఇప్పుడే వద్దండీ. ఉన్నదే నాకు పంపండి'' అన్నాడు.

అమ్మకం వదులుకున్నవాడు

పది రోజులకు పాత మాండలిన్ తిరిగొచ్చింది. తీగలు దించి, కింది బ్రిడ్జిని అరగదీసి, తల దగ్గర తీగలు పడుకునే గాళ్లు లోతు చేశాడు. బ్రిడ్జిని జరిపి స్వరం సరిచేశాడు. కొత్త తీగలు, అవీ సన్నవి. మొత్తం ఖర్చు కొత్త వాయిద్యం బయానాలో పదో వంతు కూడా లేదు.

ఓ కాగితం మీద నిజం కూడా రాసి పంపాడు. దీని పైచెక్క ప్లైవుడ్, ఇంతకు మించి పలకదు అని. నాద రంధ్రం అంచున చూస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఒకే పలక అయితే చెక్క గీతలు అంచు దాటి లోపలికి సాగుతాయి. ఎనిమిది తీగలు బిగిస్తే అన్నీ కలిపి 70 నుంచి 80 కిలోల బలంతో లాగుతాయి. ఓ పెద్దమనిషి బరువన్నమాట! ఫ్యాక్టరీలో ఆ బలానికి విరక్కుండా పైచెక్కని మందంగా ఉంచేస్తారు. విరగదు, అలాగని పలకదు కూడా. చేతితో చెక్కేవాడు మధ్యలో నాలుగైదు మిల్లీమీటర్లు ఉంచి, అంచులకు వచ్చేసరికి మూడుకి దించుతాడు. వేలితో తట్టి వింటాడు, ఇంకాస్త గీకుతాడు, మళ్లీ వింటాడు. విరగకుండా, పలికేలా ఎక్కడ ఆపాలో తెలియడమే అతని విద్య. మనం ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం దానికే.

''నాలుగు నెలలు వాయించనివ్వండి. అప్పటికీ పాప చెయ్యి దాని మీదకే పోతుంటే నాకు ఫోన్ చేయండి'' అని చివర్లో రాశాడు.

చేతిలో ఉన్న అమ్మకాన్ని వదులుకున్న మనిషి. తాతయ్యకు అక్కడే నమ్మకం కుదిరింది.

మెలిక విలువెంత?

దసరా నాటికి పిల్ల వారంలో ఆరు రోజులు వాయిస్తోంది. సరళీ స్వరాలు దాటి జంట స్వరాలకొచ్చింది. తాతయ్య బ్యాంకులో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయడానికి సిద్ధపడ్డారు. అయితే ఆయన మనసంతా ఫొటోల్లో చూసిన ఓ నమూనా మీద ఉంది. భుజం దగ్గర నత్తగుల్లలా చుట్టుకున్న మెలిక, కొసదేరిన అంచులు, తల మీద ముత్యపుచిప్ప పూలు.

ఆ అందానికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ పట్టణంలో ఓర్విల్ గిబ్సన్ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లో వయొలిన్‌లా ఉబ్బెత్తుగా చెక్కిన మాండలిన్లు మొదలుపెట్టాడు. ఆయన పేరు మీద నడిచిన కంపెనీలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో 1922 నుంచి 1924 దాకా వచ్చిన ఎఫ్-5 రకం ఇప్పటికీ తయారీదారులకు కొలబద్ద. లోర్ సంతకమున్నవి లక్ష డాలర్లు దాటి అమ్ముడుపోయాయి.

''మెలిక వల్ల శబ్దం బాగుంటుందా?'' అనడిగారు తాతయ్య.

''ఉండదండీ. నాకు మూడు వారాల పని ఎక్కువ, మీకు డబ్బు ఎక్కువ. నీటిబొట్టు ఆకారంలో సాదాగా చేస్తే అదే డబ్బుతో మంచి చెక్క వాడొచ్చు'' అన్నాడు పనివాడు.

పైచెక్కకు స్ప్రూస్, వెనక మేపుల్ అన్నది వయొలిన్ నాటి నుంచీ వస్తున్న జోడీ. చెక్క ఏదైనా కొన్నేళ్లు ఆరిందై ఉండాలి. పచ్చి చెక్కతో చేసినది తేమ చోట బాగానే ఉండి, హైదరాబాద్ ఏప్రిల్ ఎండకు పగులు చూపిస్తుంది. 'ఈ చెక్క మీ దగ్గర ఎన్నాళ్లుగా ఉంది?' అని అడగడం అవమానించడం కాదు. మంచి పనివాడు ఆ ప్రశ్నకే సంతోషిస్తాడు.

తాతయ్య రాత్రంతా ఆలోచించి మెలిక వదులుకున్నారు. తీగలు ఎన్నన్నది పిల్లే తేల్చింది. ఎనిమిది! ''ఐదు తీగలది వర్ణాలు వచ్చాక'' అందట మాస్టారితో. తాతయ్యేమీ అనలేదు. మర్నాడు బ్యాంకుకెళ్లారు.

కాగితం మీద పెట్టండి

చేయించుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బయానా ఇచ్చే ముందే అదే పనివాడు చేసిన వాయిద్యాలు కనీసం రెండు వాయించి చూడాలి, కుదరకపోతే మాస్టారి చేత వాయింపించాలి. ఒకటి బాగుండటం అదృష్టం కావచ్చు, రెండూ బాగుంటే పనితనం. ఐదేళ్ల కిందట కొన్నవాళ్లతో మాట్లాడితే ఇంకా మంచిది. కొత్తలో అన్నీ బాగుంటాయి.

మెడ వెడల్పు, చెక్క రకం, తీగల సంఖ్య, ఇచ్చే తేదీ, విడతల సొమ్ము... అన్నీ రాసుకోవాలి. తల దగ్గర మెడ వెడల్పు మామూలుగా 28 మిల్లీమీటర్ల పైచిలుకు. లావు వేళ్లవాళ్లకు 30 దాకా పెంచుతారు. పిల్ల చేతికని మరీ తగ్గిస్తే రెండేళ్లలో ఇరుకైపోతుంది. నచ్చకపోతే ఎన్ని రోజుల్లో తిరిగివ్వొచ్చో, మొదటి ఏడాది సర్దుబాటు ఉచితమో కాదో కూడా అందులోనే ఉండాలి. ఎందుకంటే కొత్త చెక్క ఓ ఎండాకాలం, ఓ వానాకాలం చూశాకే కుదురుకుంటుంది. ఆలస్యాన్ని మాత్రం ఓర్చుకోవాలి. ఒక్కడే చేసే చోట పని వారం అటూ ఇటూ అవుతుంది.

ఇంటికొచ్చాక పెట్టెలోనే ఉంచాలి. ఏసీ గాలి తగిలే గోడకు వేలాడదీయకూడదు. మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే బంకలు వదిలిపోతాయి. వాయించాక తీగల్ని పొడిబట్టతో తుడిస్తే చెమటకు తుప్పు పట్టవు.

సంక్రాంతికి వస్తుందనుకున్నది శివరాత్రి దాటాక వచ్చింది. పెట్టె తెరిస్తే సాదా మాండలిన్, తేనె రంగు. ఏ మెలికా లేదు, ఏ పువ్వూ లేదు. పిల్ల ఒక్క తీగ మీటింది. ఆ నాదం ఆగేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పెట్టె అడుగున మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. పిల్ల చేతి గీత. ఫొటో చూసి అదే కొలతలో గీసుకున్నాడన్నమాట. మెడ ఎంత మందం ఉండాలో వేళ్ల పక్కన పెన్సిల్‌తో అంకెలు. పిల్ల తన చెయ్యి దాని మీద పెట్టి చూసుకుంది. చిటికెన వేలు గీత దాటి గోరంత బయటికొచ్చింది.

''పెరిగింది తాతయ్యా!''

''పెరుగుతుందనే రవ్వంత చోటు వదిలాడమ్మా'' అన్నారాయన.